మైకుకి పెట్టిన సెల్యూట్

1986 మే, బుధవారం

ఒళ్ళు పులిసిపోయింది, అయినా ఇది రాయకుండా పడుకోలేను. విస్సన్నపేట రోడ్డులో జీపు నడుపుతుంటే వైర్‌లెస్ సెట్టులో పెద్దసారు గొంతు వినిపించింది. ఎడమచేత్తో మైకు అందుకున్నాను. పోలీసు డ్రైవరుగా ఇరవయ్యేళ్ళ అలవాటు, కుడిచెయ్యి దానంతటదే సెల్యూట్‌కి లేచింది. స్టీరింగు మీద ఏ చెయ్యీ లేదు. మామిడికాయల గంపతో ఎదురొస్తున్న ఒకామె మీదికి జీపు దూసుకుపోయింది. గంప వదిలేసి పక్క తోటలోకి దూకబట్టి బతికింది. బ్రేకు తొక్కి బండి ఆపాను.

"బండిలో మీరొక్కరేగా! దణ్ణం ఎవరికండీ?" అంది తోటలోంచి బయటికొస్తూ.

నేను నోరు తెరిచేలోగా సెట్టులో సారు, "ఏమైందయ్యా?" అన్నారు.

"ఏం లేదు సార్, రోడ్డు క్లియర్."

రేపటినుంచి బండి పక్కకి ఆపాకే మైకు ముట్టుకుంటాను. అది సులువే. కానీ ఆ అబద్ధం చెప్తున్నప్పుడు, పగిలిన కాయలు ఏరుకుంటున్న ఆమె ఎదుట, నా చెయ్యి మళ్ళీ నుదుటి దగ్గరే ఉంది.