దాహం మీదున్న చెక్క

ప్రియమైన అన్నయ్యకు,

నిన్న ఓనరు నీ పక్కనే ఉన్నాడని నోరు మెదపలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

సిగార్లు దాచే పెట్టెల లోపల కూడా వార్నిష్ కొట్టమంటాడా ఆయన? మామయ్య ఎంత మర్యాదగా చెప్పాడు! “లోపలి దేవదారు చెక్కని ఒట్టిగా వదిలేయాలండీ. తడి ఎక్కువైతే పీల్చుకుంటుంది, తక్కువైతే తిరిగి ఇస్తుంది. వార్నిష్ పూస్తే దాని నోరు నొక్కేసినట్టే” అన్నాడు. “చెక్కకి నోరు కూడానా మేస్త్రీ?” అని ఓనరు పగలబడి నవ్వాడు. ఆయన నవ్వితే నవ్వాడు. నువ్వెందుకు నవ్వావు?

అమ్మ పోయాక మామయ్య మనిద్దరినీ ఒకే బల్ల దగ్గర నిలబెట్టి పని నేర్పాడు. కొత్త పెట్టెలో ముందు నీళ్ల గిన్నె పెట్టి చెక్కని తడి పీల్చుకోనివ్వకుండా చుట్టలు పేర్చేశావని నీ నెత్తిన మొట్టికాయ వేశాడు, గుర్తుందా? “ఎండు చెక్క దాహం మీద ఉంటుందిరా, చుట్టల్లో తడంతా తాగేస్తుంది” అని. చుట్టలు అన్నందుకు ఏమనుకోకు. మీ షాపులో సిగార్లు అనకపోతే కళ్లు పోతాయి కదా!

నువ్విప్పుడు ఓనరుకి కుడిచెయ్యివి. ఒక్క మాట చెప్పు. పెట్టెలు పాడైతే నింద పడేది మామయ్య మీదే.

నీ మిరపకాయ

*

ప్రియమైన మిరపకాయకు,

ఆ ఘాటు కాస్త తగ్గించు తల్లీ. మూత తీయగానే లోపల అద్దంలా మెరవాలని షాపుకొచ్చేవాళ్లు అడుగుతున్నారు. ఓనరు కావాలన్నది నేను వద్దంటే ఏం బాగుంటుంది? కొత్త షాపు తెరుస్తున్నాం. దానికి మేనేజరుగా నన్నే అనుకుంటున్నారు. ఇప్పుడు గొడవలు పెట్టకు. మామయ్యకి నచ్చజెప్పు. నోరు మూసుకుని పని చేసుకుంటే అందరికీ మంచిది.

వేళకి తిను. చెక్కపొడిలో ముక్కుకి గుడ్డ కట్టుకో.

నీ అన్నయ్య

*

అన్నయ్యా,

పైన ‘ప్రియమైన’ అని రాసి కొట్టేశాను. కొట్టివేత నీకు కనబడాలనే వేరే కాగితం తీసుకోలేదు.

పెట్టెలు తిరిగొచ్చాయి. మూత తీస్తే వార్నిష్ కంపు. తడి ఇంకే దారి లేక గోడలకి చెమట పట్టి, సిగార్లన్నీ బూజు. ఓనరు మేం పనిచేసే షెడ్డులో అందరినీ నిలబెట్టి, “ఈ ముసలాడు పచ్చి కలప వాడి నా కొంప ముంచాడు” అని మామయ్యని బయటికి పొమ్మన్నాడు. మామయ్య తన ఉలి, చిత్రిక మూట కట్టుకుంటే వాచ్‌మన్ ఆ మూట విప్పించి వెతికాడు. ఆ చిత్రిక తాతయ్యది! నేను అడ్డం పడితే, “మేనకోడలు కదా, అలాగే అంటుందిలే” అన్నారు.

వార్నిష్ కొట్టమన్నప్పుడు అక్కడ ఉన్నది మామయ్య, నేను, నువ్వు. మా మాట చెల్లదు. నీది చెల్లుతుంది. వచ్చి నిజం చెప్పు. ఒక్క మాట. మామయ్య పెట్టిన తిండి గుర్తుంటే రా.

చెల్లి

*

ప్రియమైన చెల్లికి,

ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టుకోకు. బాగా ఆలోచించాను. ఆ రోజు ఓనరు ఏమన్నారో నాకు సరిగ్గా వినబడలేదు. ఫోన్లో ఉన్నాను. వినని మాట విన్నానని ఎలా చెప్పను? మామయ్యకీ వయసైంది, చేతులు వణుకుతున్నాయి. కాస్త విశ్రాంతి మంచిదే.

నీకో మంచి వార్త. కొత్త షాపుకి పెద్ద దేవదారు అలమర కావాలి. ఈసారి లోపల వార్నిష్ వద్దన్నారు. నువ్వే చెయ్యి. మామయ్య బల్ల నీకిప్పిస్తాను. షాపు తెరిచే రోజు దగ్గరపడింది, త్వరగా పంపు.

నీ అన్నయ్య

*

అన్నయ్యకు,

అలమర పంపుతున్నాను. లోపల అంతా దేవదారు, వార్నిష్ చుక్క లేదు. చెక్క బాగా ఎండింది. ఎలా వాడాలో నీకు తెలుసుగా, ఒకే బల్ల దగ్గర నేర్చుకున్నవాళ్లం.

ఒక్కటి అడుగుతాను. ఫోన్లో ఉన్నవాడివి అంత సమయానికి ఎలా నవ్వావు?

చెల్లి

*

ప్రియమైన నా చెల్లికి,

నా పరువు పోయింది. అలమర రాగానే ఓనరు సొంతంగా దాచుకున్న సిగార్లన్నీ తెచ్చి అందులో పేర్చాను. కొత్త షాపు తెరిచాక ఓనరు అతిథుల ముందు ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పాడు. ఎండుటాకులా పొడైపోయి ఆయన తెల్లకోటు మీద రాలింది. ఇంకోటి తీశాడు, అదీ అంతే. అందరూ నవ్వారు.

తప్పు చెక్కదని తేలకపోతే నా ఉద్యోగం ఉండదు. మామయ్య ముందే కొని పెట్టిన కలపే పాడైందని ఒక్క మాట రాసి పంపు. ఆయన్ని ఎలాగూ తీసేశారు కదా, కొత్తగా పోయేదేముంది? నువ్వు తప్ప నాకెవరున్నారు?

నీ అన్నయ్య

*

అన్నయ్యకు,

నీ ఉత్తరం మామయ్యకి చదివి వినిపించాను. ఆయన మీద నింద వేయమన్న ముక్క కూడా వదల్లేదు. కోప్పడతాడనుకున్నాను. “నీళ్ల గిన్నె పెట్టలేదా వాడు?” అన్నాడు, అంతే. తర్వాత నీకు రాయమని ఇది చెప్పాడు. సిగార్లన్నీ బయటికి తీసెయ్. అలమరలో గిన్నెతో నీళ్లు పెట్టి తలుపు మూసెయ్. తడిగుడ్డతో మాత్రం తుడవకు, చెక్క వంకర పోతుంది. అది తాగినంత తాగాక, పగలని సిగార్లు కొద్దికొద్దిగా లోపల పెట్టు. కొన్ని బతుకుతాయి.

ఇదంతా మొదటే నేను రాసుండొచ్చు. కావాలనే రాయలేదు. ఆ బల్ల దగ్గర నేర్చుకున్నది నీలో ఏమైనా మిగిలిందేమో చూద్దామనుకున్నాను. మిగల్లేదు.

నువ్వడిగిన ఆ ఒక్క మాట రాయను. ఓనరుకి వేరే ఉత్తరం రాశాను, పెట్టెల లోపల వార్నిష్ కొట్టమన్నది ఆయనేనని, ఎండు అలమరలో సిగార్లు పేర్చింది నువ్వేనని. నమ్మడని తెలుసు. అయినా రాశాను. ఆ బల్ల కూడా నాకొద్దు. షెడ్డు మానేసి మామయ్య దగ్గరికొచ్చేశాను. ఇక్కడ కుర్చీలు బాగుచేస్తున్నాం.

పొద్దున కూడా అడిగాడు, నువ్వెప్పుడొస్తావని. చిత్రిక పడుతున్నాను కదా, వినబడనట్టు ఊరుకున్నాను.

చెల్లి