సాంచాలు ఆగినప్పుడు

జగిత్యాల

ప్రియమైన హరీ,

మరమగ్గాల దగ్గర ఆ సాంచాల మోతలో ఫోన్ వినబడదంటావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. మన సిరిసిల్లకు వేసే మురుగునీటి పైపుల లెక్క ఆఫీసులో నా మీద పెట్టారు. రోజంతటిలో నీళ్లు ఎక్కువగా పోయే గంట ఏదో తెలియాలి. పుస్తకం పొద్దున అంటుంది, కోరుట్లలో అది సరిపోయింది కూడా. మన వీధి కాలువ చూసి చెప్పు.

ఇంకో మాట. ఈ పని సిరిసిల్లలోనే ఉండి చేయవచ్చట, నెలాఖరు సోమవారంలోగా చెప్పాలి. ఉద్యోగానికని భార్య బస్సెక్కుతుంటే నువ్వు ఉండమనలేదు, పొమ్మనలేదు. ఇప్పుడైనా ఏదో ఒకటి అను.

నీ మీద ఇంకా అలిగే ఉన్న,
వసంత

సిరిసిల్ల

ప్రియమైన వసంతకు,

మన వీధికి పొద్దున లెక్క కుదరదు. కాలువ నిండేది కరెంటు పోయినప్పుడు. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. ఎదురింటి శంకరవ్వ గడపలో నిలబడి, "కరెంటు అచ్చేలోపు తానాలు చేయుండ్రి" అని కేకేస్తుంది. ఒంటినిండా నూలు ధూళితో అందరూ బయటికొచ్చి డ్రమ్ముల్లో పట్టిన నీళ్లు గుమ్మరించుకుంటారు. అంత నిశ్శబ్దంలో వీధి పొడుగునా నీళ్ల చప్పుడే. రంగు బట్టలు ఉతికిన నీళ్లు ఎర్రగా, పసుపుగా కలిసి మన మెట్టు ముందు నుంచి పోతుంటే, ఊరు నిద్రలో నవ్వినట్టు ఉంటుంది. చూస్తూ కూర్చుంటాను.

ఉంటాను,
హరిప్రసాద్

జగిత్యాల

ప్రియమైన హరీ,

లెక్క మార్చాను. మామూలు గంటలు చూసి పైపు వేస్తే, అందరూ ఒక్కసారి నీళ్లు వదిలినప్పుడు పొంగి ఇళ్లలోకి వస్తుంది. అందుకే నిండు గంటను పట్టి వేయాలి.

నేనడిగిన దానికి మాత్రం నీళ్లు నమిలావు. అన్నట్టు, ఫోన్‌కు లాక్ పెట్టుకో. నీ జేబులో నొక్కుకుపోయి నాకు ఫోన్లు వస్తున్నాయి, నీళ్ల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. కట్ చేయబుద్ధి కాక వింటూ కూర్చుంటున్నాను.

సోమవారం దాకానే ఎదురుచూసే,
వసంత

సిరిసిల్ల

ప్రియమైన నా వసంతకు,

ఆ ఫోన్లు జేబులో నొక్కుకుపోయినవి కావు. సాంచాలు ఆగగానే నేనే చేసేవాణ్ణి. చెప్పాల్సినవన్నీ ఒక్కసారే గొంతుదాకా వచ్చేవి. ఏది ముందో తెలియక ఫోన్ కాలువ వైపు పట్టేవాణ్ణి. నువ్వు కట్ చేయకుండా వింటుంటే, కరెంటు అప్పుడే రావద్దనిపించేది. నా మామూలు రోజులు చూసి నాలో ఏమీ లేదనుకున్నావు.

సోమవారంలోగా కరెంటు పోతే నోటితోనే చెబుతాను. పోదేమోనన్న భయంతో ఇక్కడ కూడా రాస్తున్నాను: "వసంతా, అచ్చెయ్."

నీ
హరి