లెక్కపెట్టిన నేరానికి నా భార్యపై జారీ అయిన ఉత్తర్వు గురించి

వృద్ధుల సంరక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భార్య నా దరిదాపులకు రాకూడదని తమరు ఇచ్చిన ఉత్తర్వును రద్దుచేయ కోరుతూ అర్జీ.

నేను అచ్చుకూటంలో ముప్పై ఆరేళ్లు అక్షరాలు కూర్చి రిటైరైన కంపోజిటర్ని. బడిలో చదివింది మూడో తరగతి. మిగతా చదువంతా సీసపు అక్షరాల్లో తలకిందులుగా చదివాను. తమ శాఖవారి ఉత్తర్వు ఫారం కూడా ఒకప్పుడు నేను కూర్చిందే. అది తిరిగి తిరిగి నా గుమ్మానికే అంటుకుంటుందని అప్పట్లో తోచలేదు. నాది ఎడమచేతివాటం. ఆ చెయ్యి పక్షవాతంలో పడిపోయింది గనుక ఇది కుడిచేతి రాత. వంకరలు మన్నించవలెను.

1. పక్షవాతం వచ్చిన మొదటి నెల నా ఎడమచెయ్యి తడిగుడ్డలా వేలాడింది. రెండో నెలలో దానికి ప్రాణం వచ్చింది గాని, అది నా మాట వినే ప్రాణం కాదు. మోచెయ్యి ముడుచుకుని రొమ్ముకు అతుక్కుంది. పిడికిలి బిగుసుకుంది. ఆవలిస్తే పైకి లేస్తుంది, తుమ్మితే ఎగిరి గుద్దుతుంది. ఒకసారి నా గడ్డం కింద నేనే గుద్దుకొని నాలుక కొరుక్కున్నాను. దిండంతా నెత్తురు. గోళ్లు అరచేతిలో దిగి చీము పట్టింది.

2. ఫిజియోథెరపీ అమ్మాయి వారానికొకసారి వస్తుంది. తక్కిన ఆరు రోజులు చేయవలసింది నా భార్యకు నేర్పింది. ముందు మణికట్టును కిందికి వంచాలి. బొటనవేలిని మొదలు దగ్గర పట్టుకొని బయటికి తియ్యాలి, ఆపైన తక్కిన వేళ్లు, తరవాత మోచెయ్యి. గబాలున లాగితే కండరం ఎదురుతిరిగి ఇంకా బిగుస్తుంది. కాబట్టి మెల్లగా లాగి, ముప్పై లెక్కపెట్టేదాకా పట్టి ఉంచాలి. పూటకు పదిసార్లు, రోజుకు రెండు పూటలు. వినడానికి ఎంత సుతిమెత్తగా ఉంది! అయ్యా, చేతిని మొదలంటా పెరికి, మళ్లీ అతికించి, మళ్లీ పెరికినట్టుంటుంది. నేను గావుకేకలు పెడతాను. అప్పుడు నా నోట వచ్చే మాటలను ఏ అచ్చుకూటమూ ఒప్పుకోదు.

3. మా గోడవతల లెక్కల మాస్టారు ఉంటారు. ఆయన రిటైరై పదేళ్లయినా ఆయన చెవులు రిటైరు కాలేదు. ఆయన విన్నది ఇది:

"ఒరేయ్, వదులు! వదలవూ? ఇవాళ నీ పని పడతాను!"

"చచ్చాన్రా దేవుడో!"

"పదిహేడు... పద్దెనిమిది... కదలకు... పందొమ్మిది..."

ఆ 'ఒరేయ్' నన్ను కాదు. నన్ను ఆమె ఎప్పుడూ 'ఏమండీ' అనే పిలుస్తుంది. తిట్టేది పిడికిలిని. మాస్టారు మాత్రం అంకెకొక దెబ్బ చొప్పున లెక్క వేసుకొని, విడతకు నలభై, పూటకు నాలుగువందలు, రోజుకు ఎనిమిదివందలు అని తమకు ఫిర్యాదు రాశారు. గుణకారంలో తప్పులేదు. ముప్పై కాస్తా నలభై ఎలా అయిందో ఏడో అంశంలో మనవి చేస్తాను.

4. తమ కానిస్టేబులు ఉత్తర్వు పట్టుకొని వచ్చి, "ఏమ్మా, ముసలాయన్ని కొడుతున్నావా?" అని అడిగాడు.

నా భార్య నా చెయ్యి వదిలి లేచి నిలబడింది. "ఎక్సర్‌సైజని చెప్పవే!" అని నేను మంచంమీంచి అరుస్తున్నాను. ఆమె నావంక చూసింది. అతనివంక చూసింది.

"నేనెంత దూరంలో ఉండాలి బాబూ?" అంది.

"ఉత్తర్వు ఉన్నన్నాళ్లూ ఈ ఇంట్లో ఉండకూడదమ్మా."

పావుగంటలో సంచి సర్దుకొని చెల్లెలింటికి వెళ్లిపోయింది. ఇది జరిగి పదకొండు రోజులు.

5. తమరు పంపిన సహాయకుడు మంచివాడే. అన్నం పెడతాడు, ఒళ్లు తుడుస్తాడు. చెయ్యి లాగమంటే మాత్రం, "ఆ అరుపులకి నామీద కూడా కేసు పెడతారు సార్," అని వంటింట్లోకి జారుకుంటాడు. నిన్న ఫిజియో అమ్మాయి చూసి మొహం చిట్లించింది. "ఇంకో మూడు వారాలు ఇలాగే వదిలేస్తే కండరం పొట్టిదైపోతుంది తాతగారూ. ఆ తర్వాత నేనేం చేసినా ఈ చెయ్యి తెరుచుకోదు."

6. ఇక్కడితో ఆపి ఉంటే ఇది మంచి అర్జీ అయ్యేది. కాని మాస్టారు ఆ గోడవతల ముప్పై ఏళ్లుగా ఉంటున్నారు. మా గదిలోంచి కేకలు రావడం కొత్త కాదు. అప్పటి కేకలు నా భార్యవి. పిడికిలి ఇదే. ప్రూఫులో తప్పులు దొర్లి యజమాని తిట్టిన రోజున కొట్టాను, మెచ్చుకున్న రోజునా కొట్టాను. ఒకసారి తలుపుకూ గోడకూ మధ్య ఇరికించి, చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాను. ఎడమచేతి దెబ్బ గనుక కుడిచెవి పగిలింది. నెత్తురు మెడమీదుగా రవికెలోకి దిగింది. ఆ చెవి ఇప్పటికీ వినబడదు. తన గొంతు తనకు ఆనదు గనుకనే ఆమె అంత గట్టిగా లెక్కపెడుతుంది. ఆ కాలంలో మాస్టారు ఏనాడూ ఫిర్యాదు చేయలేదు. మర్నాడు గేటు దగ్గర ఎదురైతే, "ఏమండోయ్, కులాసానా?" అనేవారు. కులాసాయే అనేవాణ్ణి.

7. ముప్పై కాగానే, "ముప్పై అయిందే!" అని నేను ఏడుస్తాను. "నాకు వినబడలేదండీ," అని ఆమె నలభై దాకా పట్టి ఉంచుతుంది. ఆ పదీ వైద్యం కాదని నాకు తెలుసు. వాటిమీద నాకు ఫిర్యాదు లేదు.

కావున తమరు దయతలచి, సదరు ఉత్తర్వును రద్దుచేసి, నా భార్యను ఇంటికి పంపించవలసిందిగా వేడుకొంటున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మంచం పట్టిన కంపోజిటరు

తాజా కలం: పోస్టులో వేసేముందు దీన్ని ఆమెకు ఫోనులో చదివి వినిపించాను. అంతా విని, "ఇస్త్రీపెట్టె సంగతి రాయలేదే?" అంది.

"ఏ ఇస్త్రీపెట్టె?"

చెప్పింది. చెయ్యి లాగేటప్పుడు రోజూ నా మోచేతికింద ఆమె ముంజేయి ఉంటుంది. దానిమీద మొనదేలిన తెల్లటి మచ్చ ఒకటి, నా కళ్లకు జానెడు దూరంలో. పొయ్యి దగ్గర కాలి ఉంటుందనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు. అది నేను పెట్టిన వాతట. ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు.

"వస్తావా?" అన్నాను.

"ఇంటికి పంపమని రాశారు. నేనేమన్నా పార్సిలా?"

"మరేం రాయమంటావు?"

"రద్దు చేయించకండి. నా పేరు కొట్టేయించి మీ పేరు రాయించండి. నేను మీ దగ్గరికి రావచ్చు, మీరు నా దగ్గరికి రాకూడదు. ఆ కాగితం నా చేతికివ్వమనండి. ఎప్పుడు రావాలో నేను చూసుకుంటాను."

"ఈలోగా చెయ్యి మూసుకుపోతుందే."

"పోతే పోనివ్వండి."

కావున పై కోరికను కొట్టివేసి, ఉత్తర్వును ఆమె చెప్పినట్టు తిరగరాసి, ఆమె చెల్లెలింటి చిరునామాకు పంపవలెను. నాకు నకలు అక్కర్లేదు.