ఎగువమిట్ట పలికింది

2009 ఏప్రిల్ 28, మంగళవారం

ఈ రోజు పొద్దున ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. అందుకే రాసి పెట్టుకోవాలనిపించింది.

చీకటితోనే లేచి వాకిలి చిమ్మి ముగ్గు వేశాను. మరదలు స్రవంతి డికాక్షన్ దించింది. నేను దేవుడి గదిలో కూర్చునేసరికి పక్క గదిలో తమ్ముడు గిరిప్రసాద్ కంప్యూటర్ పెట్టాడు. బొమ్మలు లేవు, మౌస్ ముట్టడు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. పల్లెల్లో పాలు చల్లబరిచే మెషీన్లు వాడి బాధ్యత. ఒక్కోదానిలో ఒక సిమ్ ఉంటుంది, దాంతో ఇంటర్నెట్‌కు వస్తుంది. వాడు ఇక్కడ తిరుపతిలో కీబోర్డు మీద ఒక లైను కొడితే ఎక్కడో పల్లెలో ట్యాంకు తనను తాను కడుక్కుంటుంది. ఆ పనిని జాబ్ అంటాడు. కరెంటు లేక మెషీన్ పలకకపోతే జాబ్ సర్వర్లో కాచుకుని ఉంటుంది. పలికిన వెంటనే మెషీన్ దాన్ని అందుకుంటుంది.

మొక్కులాగా అన్నాను. మొక్కయితే సామి ఏండ్లు ఓపిక పడతాడు, ఇది సెకను కూడా ఆగదక్కా అన్నాడు.

వాడు పేర్లు పైకి చదువుతాడు. నేలబావి ఓకే. కొత్తిండ్లు ఓకే. నా నామాల మధ్య ఆ ఊళ్ళు వచ్చి కూర్చుంటాయి. అన్నీ పలికాకే హారతి ఇవ్వడం నాకు అలవాటైంది.

మే 3, ఆదివారం

వాడు స్నానానికి వెళ్తూ ఆ పేర్లు పిలిచే లైను నన్ను కొట్టమన్నాడు. కొట్టాను. పలికాయి. ఈ వయసులో నాకొక ఉపదేశం.

మే 7, గురువారం

ఎగువమిట్టలో కొత్తగా మెషీన్ పెట్టారు. అక్కడి పాల సెంటర్ చూసుకునే కృపారాణి ఫోన్ చేసింది. గిరి లేడు, నాతోనే మాట్లాడింది. పాలు పోసేవాళ్ళంతా ఆమె వీధివాళ్ళే. ఒక్క పూట పాలు చెడినా మళ్ళా పాత పాలాయన కాడికే పోతామని చెప్పేసినారట. మా మామే ముందు పోతాడక్కా, క్యాను అప్పుడే తోమి పెట్టుకోనుండాడు అని నవ్వింది. నవ్వు వెనక భయం వినిపించింది.

మే 11, సోమవారం

రేపు మెషీన్లున్న ఊళ్ళకు గంగజాతర. ఆ రోజు ఎవరూ పాలు అమ్మరు, అమ్మవారి పొంగళ్ళకే. ట్యాంకులు ఖాళీగా ఉంటాయి. గిరి అన్నింటికీ కలిపి రేపు పొద్దున్నే కడుక్కునేలా జాబ్ పెట్టాడు. మంచిరోజు చూశావు అన్నాను.

మే 12, మంగళవారం. మధ్యాహ్నం

గిరి పొద్దున్నే సూళ్ళూరుపేట బస్సెక్కాడు. స్రవంతి పుట్టింటి జాతరకు వెళ్ళింది. నేను పేర్లు పిలిచాను. అన్నీ పలికాయి, కడుగుడు అయిందన్నాయి. ఎగువమిట్ట పలకలేదు. దాని పేరు పక్కన జాబ్ ఒకటి కాచుకుని ఉంది. హారతి ఆపి కూర్చున్నాను.

కృపారాణి ఫోన్ చేసింది. కరెంటు పోయిందట. పాలు పోసినాము, వేడెక్కతా ఉండాయి, కరెంటొస్తే మెషీన్ దానంతట అదే పట్టుకుంటాదా అని అడిగింది. ఈ రోజు పాలేమిటమ్మా, జాతర కదా అన్నాను. జాతర పైవీధోళ్ళకక్కా, మేము చర్చికి పోయేటోళ్ళం, మాకేంది, అయినా జాతరని ఆవులకి యాడ తెలస్తాది అంది.

కరెంటు రాగానే మెషీన్ పలుకుతుంది. జాబ్ అందుకుంటుంది. ట్యాంకు కడిగే కాస్టిక్ సోడా నీళ్ళు ఆ పాలలోకి దిగుతాయి.

మెయిన్ స్విచ్ ఆపేయమన్నాను. నేను చెప్పేదాకా వేయొద్దన్నాను. ఆలస్యమైతే ఇరిగిపోతాయక్కా, మామ ఈడే గడప మీద కూర్చోనుండాడు అంది.

గిరికి ఫోన్ చేశాను. కాళహస్తి దాటినాము, నేను వచ్చేలోపల పాలు మిగలవు, నువ్వే కొట్టల్ల, భయపడాకు అన్నాడు. జాబ్‌ను క్యాన్సిల్ చేసే లైను ఒక్కో అక్షరం చెప్పాడు. కొట్టాను. ఎర్రర్. ఏమొచ్చిందో సదువు అన్నాడు. చదువుతుండగానే కాల్ కట్ అయింది. మళ్ళీ చేస్తే నాట్ రీచబుల్.

స్వామిని తలుచుకున్నాను గానీ కళ్ళు మూసుకోలేదు. తెర మీద నిన్న గిరి కొట్టిన లైను ఇంకా ఉంది. దానిలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంది. నాది అంతా ఒకదానికొకటి అంటుకుపోయింది. ఖాళీలు వదిలి కొట్టాను. తెర ఒక్క ముక్క చూపించి ఊరుకుంది, అయిందో లేదో తెలియలేదు. మనసు ఒప్పలేదు. నాకు బాగా వచ్చింది పేర్లు పిలిచే లైనే. అది కొట్టాను. ఎగువమిట్ట ఇంకా పలకలేదు. పక్కన జాబ్ లేదు.

స్విచ్ వెయ్యమ్మా అన్నాను. కరెంటొచ్చి సేపైందక్కా, నీ మాట కోసరం స్విచ్చి మీదే చెయ్యి పెట్టుకోనుండా అంది. ఫోన్లో మోటారు గురగుర వినిపించింది. నా తెర మీద ఎగువమిట్ట ఓకే.

పాలెట్లా ఉన్నాయని తర్వాత అడిగాను. వ్యానోళ్ళు ఎత్తుకోని పోయినారక్కా, మామ ముందే గలాసుతో తాగి సూసినాడు, బాగలేకుంటే ఈ పాటికి ఆయన గొంతు తిరపతిలో ఇనపడేది అంది.

హారతి అప్పుడిచ్చాను.

అదే రోజు, దీపం పెట్టాక

గిరి వచ్చాడు. క్యాలెండర్ సూసినా గానీ ట్యాంకు సూడలేదక్కా అన్నాడు. నేనూ చూడలేదు, మంచిరోజన్నాను అన్నాను. స్రవంతి ఫోన్లోనే పంచాయతీలో కూర్చుంది. వదిన అడిగితే అబద్ధం చెప్పేంత ధైర్యం ఎవురికీ లేదు, అడిగే పని ఆమెకే ఇయ్యండి అంది.

అలాగే తీర్మానమైంది. ట్యాంకు ఖాళీ అని సెంటర్ మనిషి నోటితో చెప్పాకే కడుగుడు. అడిగేది నేను.

ఆదివారం మాత్రం కృపారాణి ప్రార్థన ముగించుకుని వచ్చేదాకా ఎగువమిట్టకు ఏ జాబూ పెట్టరాదు.