ఈదిన కప్పలు

జూన్ 9
మూడు కప్పలు ఈదాయి. వెన్నుపాము కోసిన ఆరు వారాలకు. తోకకప్పలకైతే ఇది మామూలే. గాయం దగ్గరి కణాలు చీలి చీలి ఖాళీని పూడ్చేస్తాయి. పెద్ద కప్పలో అవే కణాలు చేతులు ముడుచుకుని కూర్చుంటాయి. మా మందు పడ్డాక కూర్చోలేదు! మా గైడ్ సర్ భుజం తట్టారు.

జూన్ 10
ఇంటికొచ్చి వాగాను. అమ్మకి చాలదన్నట్టు మేడ మీద నరసింహం మామయ్యకి కూడా. రేవులో కూలి పనిచేస్తూ ఓడ సరుకు అరలో పడి నడుం విరిగి, రెండేళ్ళుగా మంచం దిగని మనిషికి.

జూన్ 17
మూడు కప్పల్నీ చంపి, వెన్నుపాములు తీసి, పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. మూడింట్లోనూ ఒక అంచున సన్నటి పోగు. కొత్తగా పెరిగింది కాదు, పాతదే. నా కత్తెర పూర్తిగా దిగలేదు. మందు పడ్డా ఈదనివాటినీ తీసి చూశాను, అవన్నీ నేను సరిగ్గా కోసినవి. మందు ఏమీ చెయ్యలేదు. కణాలూ ఏమీ చెయ్యలేదు.
మళ్ళీ చూశాను. మళ్ళీ అదే.

జూన్ 18
సర్‌కి చూపించాను. "కొత్తదే అనుకోవచ్చు కదా?" కాదన్నాను. "అయితే ఆ స్లైడ్లు పక్కన పెట్టెయ్, మా." మా అట, అంటే అమ్మా అని. గొంతు కోసేటప్పుడు కూడా ఈ బెంగాలీ ఆప్యాయత ఒకటి. వచ్చే వారం మీటింగులో మందు పనిచేసిందని చెప్పేస్తాడట. పేపర్లో మొదటి పేరు నాదేనట. ఐదేళ్ళ పీహెచ్‌డీ...
ఒళ్ళు మండిపోతోంది.

జూన్ 19
ట్యాంకులు కడిగాను.

జూన్ 20
అమ్మ అన్నం వడ్డిస్తూ — "మీ మామ కుర్సీ వద్దనీసినాడు." చక్రాల కుర్చీ. రేవు కూలీల యూనియన్ వాళ్ళు ఏడాది తిరిగి సంపాదించింది. "కప్పల్ని ఈదించిన గుంట మన కింద వాటాలోనే ఉంది, నాకు కుర్సీ ఏటికి" అన్నాడట. ఇక రేవు పక్క వాట్‌గంజ్ పేటలో ఇంకెవరికో ఇచ్చేస్తారట.
అమ్మ మీద అరిచాను. "నా మీద ఎగుర్తావేటి? సెప్పింది నువ్వు." నిజమే. సర్ మీద కోపం, నా చేతి మీద కోపం, మామయ్య మీద కూడా. ఎవరు నమ్మమన్నారు?

జూన్ 21
సర్‌కి మెయిల్. స్లైడ్ల ఫొటోలన్నీ పెట్టాను. ఇది పేపరైతే నా పేరు వద్దన్నాను. గంటసేపు పంపలేదు. పంపేశాను.
జవాబు లేదు.

జూన్ 22
సాయంత్రం మేడ మీదికి వెళ్ళాను. కూర్చోకుండానే చెప్పేశాను — మందు పని చెయ్యలేదు మామయ్యా, నేనే సరిగ్గా కొయ్యలేదు, ఒక పోగు మిగిలిపోయింది, దాంతోనే ఈదాయి. కుర్చీ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, రేపే అడుగుతాను, తీసుకో.
తిడతాడనుకున్నాను. తిడితే బావుండేది. కాళ్ళ మీది దుప్పటి సర్దుకున్నాడు.
"ఒక్క పోగేనా?"
"ఒక్కటే."
"ఒక్క పోగుతోటే ఈదీసినాయా, గుంటా?"
అవునన్నాను.
"మరి నాకు కూడా ఒకటి మిగిలుంతాదేటి? నువ్వు సూసి సెప్పలేవా?"
కప్పల్ని చంపాకే చూడగలిగానని చెప్పలేకపోయాను. కుర్చీ సంగతి ఏం చెయ్యమంటావని అడిగాను.
"ముందు అది సెప్పు" అన్నాడు.