డోల్మాకు ఇచ్చిన కాగితపు కప్పు

ఉడుమలైపేట, ఆదివారం

కోపం చల్లారక రాస్తున్నాను. హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉండే డోల్మా ఇవాళ మొదటిసారి మా ఇంటికి వచ్చింది. పోయిన చలికాలంలో నేను హిమాలయాల్లోని వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఆరు నెలలు మంచులో మునిగి ఉండే ఆ ఊళ్ళో, ఎవరొచ్చినా పొయ్యి పక్కన వెచ్చని చోటు ఖాళీ చేసి కూర్చోబెడతారు. టీ తాగిన తర్వాతే పేరు అడుగుతారు. వాళ్ళమ్మ తన గిన్నెలోనే నాకు టీ పోసి ఇచ్చింది.

ఇక్కడ మా అవ్వ డోల్మాను గడప దగ్గరే ఆపి, "ఏమే, ఈ పిల్ల ఎవురు? మనవాళ్ళా?" అని నన్ను అడిగింది. మా అందరికీ స్టీలు లోటాల్లో కాఫీ వచ్చింది, డోల్మాకు మాత్రం కాగితపు కప్పులో.

"అలవాటు లేని పిల్ల కదా, లోటా కాలుతుంది కన్నూ!" అంటూ అమ్మ నవ్వింది.

వక్తృత్వ పోటీల్లో సమానత్వం మీద వాదించి కప్పులు గెలిచిన నేను నా లోటాలోని కాఫీ పూర్తిగా తాగాను. అవ్వ మీద, అమ్మ మీద మండిపడే హక్కు నాకేముంది?

బస్టాండులో డోల్మా నా చెయ్యి పట్టుకుని, "ఈసారి మంచు పడగానే రా, అమ్మ అడుగుతోంది" అంది.

ఏ ముఖం పెట్టుకుని వస్తానని చెప్పను?