అయిదొందల ఇరవై అయిదో ఏడు

పెదన,
విశ్వావసు, కార్తీక బహుళ విదియ
(నీకు విసుగైతే: 2025 నవంబరు 7)

సౌభాగ్యవతి మంగతాయారుకి జనార్దనరావు ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ క్షేమమని రాయాలి. ఇల్లు క్షేమమే. నేనే కాలుకాలిన పిల్లిలా గదికీ వాకిలికీ తిరుగుతున్నాను. నిన్న మామిడిపిందెల అచ్చు తలకిందులుగా అద్ది మంచి దుప్పటి పాడుచేశాను.

ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. మీ తమ్ముడు గంగన్న ఎత్తి, అక్క చెరువు గట్టు మీదుంది బావా అంటాడు. పొద్దున్నా గట్టు మీదే, రాత్రీ గట్టు మీదేనా? కృత్తివెన్నులో రొయ్యలకి నిన్ను గానీ కాపలా పెట్టాడా?

నువ్వు అడిగింది ఒక్క మాట. మన ప్రియ పోయి ఎన్నేళ్లయిందండీ అని. నాలుగేళ్ల పిల్ల, జ్వరం మింగేసింది. దానికి జవాబు చెప్పకుండా నేను అయిదొందల ఇరవై అయిదో సంవత్సరం ఎత్తుకున్నాను. నా బిడ్డ మీకు ఆ పాత ఏడాదిపాటి చెయ్యలేదా అని నువ్వు సంచి సర్దేశావు.

తప్పు నాదే. కానీ కథ సగంలో ఆగిపోయింది, నాకు అన్నం సయించడం లేదు. విను.

ఆ ఏడు రోములో పెద్ద పదవి చేసినవాళ్ల పేరు మీద నడిచింది. ఇక్కడ మన కృష్ణ ఒడ్డున, ఏలే రాజుగారికి ఇన్నో ఏడు అనుకుని ఉంటారు. శాలివాహన శకం లెక్కలో నాలుగొందల నలభై ఏడు. మన అరవై పేర్ల వరస వెనక్కి తిప్పుకుంటూ పోతే అదీ విశ్వావసే. (అప్పట్లో వరస వేరేగా నడిచిందంటారు. అది ఇంకో రోజు.) అప్పుడే రోములో ఒక సన్యాసి పండగల పట్టిక రాయడానికి కూర్చున్నాడు. పాత పట్టికలో ఏళ్లన్నీ, క్రైస్తవుల్ని చంపించిన ఒక చక్రవర్తి పేరు మీద ఉన్నాయి. అలా రాయడానికి ఆ సన్యాసికి చెయ్యి రాలేదు. చావులు తెచ్చినవాడి లెక్క మనకెందుకని, ఏసు పుట్టుక దగ్గర్నుంచి లెక్క మొదలెట్టాడు. ఆ లెక్కలోనే ఆ ఏడు అయిదొందల ఇరవై అయిదు అయింది.

ఇది చెప్పేలోపే నువ్వు బస్సెక్కేశావు.

ఆదివారం మొదటి బస్సు వేళకి వీధి మొగలో నిలబడతాను. రాకపోతే సోమవారం కూడా.

ఇట్లు,
నీ ఏలుబడిలో నలభయ్యో ఏట,
జనార్దనరావు

తా.క. నువ్వడిగినదానికి జవాబు. పోయిన దగ్గర్నుంచి లెక్కపెట్టడానికి నాకూ చెయ్యి రాలేదు. పుట్టిన దగ్గర్నుంచే పెడుతున్నాను. మన ప్రియకి ఈ శ్రావణంతో ముప్పైరెండు నిండాయి. అచ్చుల గది అటక మీద ఆకుపచ్చ పెట్టెలో పాత రంగుగుడ్డలున్నాయని చెప్పాను కదా, అవి కావు. ఏటా దానికని అద్దినవి. మొదట గౌను ముక్కలు, తర్వాత పరికిణీలు, ఓణీలు, ఈమధ్యవన్నీ చీరలు. తాళంచెవి ఈ కవర్లోనే పెట్టాను. ఈ ఏటి చీరకి అంచు ఇంకా అద్దలేదు. ఏ రంగు వెయ్యమంటావు?